గ్రామ సేవా సంఘములు – గ్రాంటు పొందు విధానము

కృష్ణా డెల్టాలో ఏ గ్రామమునకు వెళ్ళినను ఒకటి రెండు సేవా సంఘములైనా ఉండును. గ్రంథాలయము నడుపువారు కొందరు, మంచినీటి కేంద్రము చూచుకొనువారు కొందరు, బడిపిల్లలకు పుస్తకములు ఇప్పించువారు మరికొందరు. పశువైద్య శిబిరము జరుగు రోజున పందిరి వేయించి నీళ్ళతొట్లు నింపి ఉంచువారు వేరుగా ఉందురు. వీరిలో చాలమంది రైతులే. వీరికి జీతము లేదు, లాభము లేదు. పనికి డబ్బు చాలనప్పుడు, కుప్పనూర్పిళ్ళు కాగానే ఇంటింటికి తిరిగి చందాలు పోగుచేయుట మీలో అనేకులకు అనుభవమే.

చందాలు కాక, ఇట్టి సంఘములకు గ్రాంటు రూపమున సహాయము చేయు సంస్థలు నేడు పలు రకములుగా ఉన్నవి. కాని పట్టణములో కార్యాలయము గల సంఘమునకు ఆ సహాయము అందినంత సులభముగా గ్రామ సంఘమునకు అందుట లేదు. గ్రామ సంఘములు చేయు పని తక్కువయై ఇట్లు జరుగుట లేదు. పని జరిగినది, పుస్తకము లేదు. భవనము ఉన్నది, దస్తావేజు లేదు. డబ్బు ఖర్చయినది, రశీదు లేదు. ఇచ్చువారు పనిని చూడక ముందు కాగితములను చూతురు. కావున అర్జీ వ్రాయుటకు ముందు చేయవలసిన ఏర్పాట్లను గురించియే ఈ వ్యాసములో ఎక్కువగా చెప్పుచున్నాము.

గ్రాంటు అనగా నేమి?

గ్రాంటు అప్పు కాదు, తిరిగి చెల్లించనక్కరలేదు. అట్లని అది బహుమానమూ కాదు. ఫలానా పనికి, ఫలానా కాలములో, ఫలానా లెక్క ప్రకారము ఖర్చు చేయుదుమని మాట ఇచ్చి తీసికొను ధనము అది. గ్రంథాలయమునకు వచ్చిన డబ్బుతో దేవుని ఉత్సవము చేసినచో, ఎంత మంచి పని యైనను అది మాట తప్పుటయే. అట్టి సంఘమునకు రెండవసారి గ్రాంటు రాదు. మొదటి గ్రాంటును గూడ తిరిగి కట్టుమని అడుగు హక్కు సాధారణముగా ఒప్పందములోనే వ్రాసి ఉండును.

గ్రాంటు ఇచ్చు పద్ధతులలో కమ్యూనిటీ ఫౌండేషన్ అనునది ఒకటి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరములో 1914 సంవత్సరములో ఫ్రెడరిక్ గాఫ్ అను బ్యాంకరు దీనిని మొదట ఏర్పరచెను. ఒక ప్రాంతమునకు చెందిన అనేకమంది దాతల సొమ్మును ఒకచోట శాశ్వత నిధిగా చేర్చి, అసలు కదలకుండ దానిపై వచ్చు రాబడిని ఆ ప్రాంతపు సంఘములకు ఏటేటా పంచుట దీని పద్ధతి. దాత గతించినను నిధి ఉండును. అవసరములు మారినచో నిధి నడుపువారు పనిని మార్చుకొందురు. మన చెరువులో నీరు నిలువజేసి తూము ద్వారా వదలినట్లే యిది.

అదే 1914లో మన విజయవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయముల మొదటి మహాసభ జరిగినది. అప్పటికి మూడేండ్ల ముందు, 1911లో, ఇక్కడ రామమోహన గ్రంథాలయము స్థాపింపబడినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైనవారు ఊరూర గ్రంథాలయములు పెట్టించిరి. ఆ ఉద్యమము చందాలపైనను, విరాళములపైనను, స్వచ్ఛంద సేవపైనను నడచినది. ఇచ్చు గుణములో మన ప్రాంతము ఎవరికిని తీసిపోలేదు. అయితే ఇచ్చినదానిని శాశ్వత నిధిగా నిలుపు అలవాటు మాత్రము మన గ్రామములలో దేవాలయములకు జరిగినంతగా గ్రంథాలయములకు, బడులకు జరుగలేదు. గుడి దీపమునకు మాన్యము వ్రాసిన ఊరిలోనే బడి దీపమునకు ప్రతి సంవత్సరము చందా అడుగవలసి వచ్చుచున్నది.

ఎవరు ఇచ్చెదరు?

క్లీవ్‌లాండ్ వంటి ప్రాంతీయ నిధులు మన దేశములో బహు కొద్ది. మన సంఘములకు గ్రాంటు వచ్చు మార్గములు వేరు.

మొదటిది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, ఒక స్థాయి మించిన కంపెనీలు గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో నూటికి రెండు వంతులు ప్రజాహిత కార్యములకు ఖర్చు చేయవలెను. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. విద్య, ఆరోగ్యము, మంచినీరు, పారిశుధ్యము, గ్రామాభివృద్ధి, పర్యావరణము వంటి పనులు ఇందులో చేరును. కంపెనీ తన కర్మాగారమున్న చుట్టుప్రక్కల ప్రాంతమునకు ప్రాధాన్యమివ్వవలెనని చట్టము చెప్పుచున్నది. ప్రభుత్వ రంగ సంస్థలకు గూడ ఇది వర్తించును. మచిలీపట్నములో కర్మాగారము గల భారత్ ఎలక్ట్రానిక్స్ అట్టిది. కావున హైదరాబాదు, ముంబయిలకు అర్జీలు పంపుటకు ముందు, మీ మండలములోను, ప్రక్క మండలములలోను ఏ కంపెనీకి కర్మాగారము గాని, గిడ్డంగి గాని ఉన్నదో వ్రాసికొని అక్కడనుండి మొదలుపెట్టుడు.

రెండవది 1982 జూలై 12న ఏర్పడిన నాబార్డు. దీని గ్రాంటులు ఊరి భవనములకు కావు. స్వయం సహాయక సంఘముల ఏర్పాటు, వృత్తి శిక్షణ, రైతు ఉత్పత్తిదారుల సంఘములకు తోడ్పాటు, గ్రామీణ వస్తువుల అమ్మకపు దుకాణములు వంటివాటికి ఇచ్చుచుందురు. నాబార్డు జిల్లా అభివృద్ధి మేనేజరును కలిసినచో ఆ సంవత్సరము ఏ పనులకు నిధి ఉన్నదో తెలియును.

ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ గాని, 1995 నాటి చట్టము క్రింద ఏర్పడిన పరస్పర సహాయక సహకార సంఘము గాని సభ్యుల లాభము కొరకు ఏర్పడినవి. వానికి ప్రత్యేక పథకములున్నవి. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పదివేల సంఘముల పథకములో ఒక్కొక్క సంఘమునకు నిర్వహణ ఖర్చుల క్రింద మూడు సంవత్సరములలో 18 లక్షల రూపాయల వరకు, సభ్యుల వాటా ధనమునకు జోడింపుగా 15 లక్షల వరకు సహాయము పెట్టిరి. అది సేవా సంఘమునకు వచ్చు గ్రాంటు కాదు. ధాన్యము కొని అమ్ము పనిని, గ్రంథాలయము నడుపు పనిని ఒకే సంఘము పేర పెట్టినచో రెండును చిక్కులో పడును.

మూడవది విదేశములందలి మన ఊరివారు. దీనిని గురించి ముందు విడిగా చెప్పెదము.

నమోదు

రాష్ట్రములో సంఘముల నమోదు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము జరుగును. కనీసము ఏడుగురు సభ్యులు కావలెను. సంఘపు ఉద్దేశములు, నియమావళి వ్రాసి జిల్లా రిజిస్ట్రారు కార్యాలయములో దాఖలు చేయవలెను. చాలమంది ఇంతటితో పని అయినదని తలంచెదరు. అసలు పని అప్పుడే మొదలగును. ఏటా సర్వసభ్య సమావేశము జరిపి, కార్యవర్గపు జాబితాను రిజిస్ట్రారునకు పంపవలెను. పది సంవత్సరముల క్రిందట నమోదై, అటు తరువాత ఒక్క జాబితా కూడ పంపని సంఘములు అనేకము. కార్యదర్శి గతించినను కాగితములలో ఆయనయే కార్యదర్శిగా ఉండును! అట్టి సంఘము ముందు పాత బాకీ జాబితాలు దాఖలు చేసికొని, తరువాత గ్రాంటు మాట తలపెట్టవలెను.

సంఘము పేర పాన్ కార్డు, సంఘము పేర బ్యాంకు ఖాతా ఉండవలెను. ఇద్దరి సంతకములతో నడుచునట్లు ఖాతా తెరచుట మంచిది. సంఘపు డబ్బును అధ్యక్షుని సొంత ఖాతాలో ఉంచుట ఆయన ఎంత నిజాయితీపరుడైనను ఆయనకే ప్రమాదము. ఆయనకు ఆకస్మికముగా ఏమైనా అయినచో, ఖాతాలోని డబ్బు సంఘముదని నిరూపించుట ఎవరి తరము?

దీని తరువాతి మెట్టు ఆదాయపు పన్ను శాఖవారి వద్ద ధార్మిక సంస్థగా నమోదు. 1961 నాటి చట్టములోని 12ఎ, 80జి అను పేర్లతో ఇది ప్రసిద్ధము. 2025లో కొత్త చట్టము వచ్చి సెక్షన్ల అంకెలు మారినను జనుల నోట పాత పేర్లే నిలిచియున్నవి. మొదటి నమోదు వలన సంఘపు రాబడికి పన్ను మినహాయింపు, రెండవదాని వలన దాతకు పన్ను తగ్గింపు లభించును. ఈ నమోదులు శాశ్వతము కావు, గడువు ముగియకముందే తిరిగి చేయించుకొనవలెను. నీతి ఆయోగ్ వారి దర్పణ్ అను పట్టికలో పేరు చేర్చుకొని సంఖ్య పొందుట ఖర్చులేని పని, అది కూడ చేయుడు.

కంపెనీల నిధి కోరు సంఘము, 2021 ఏప్రిల్ 1 నుండి, కంపెనీ వ్యవహారముల శాఖ వద్ద సి.ఎస్.ఆర్.-1 అను ఫారము దాఖలు చేసి సంఖ్య పొందియుండవలెను. పైన చెప్పిన ఆదాయపు పన్ను నమోదులతోబాటు, అట్టి పనిలో మూడు సంవత్సరముల అనుభవము గూడ చూపవలెను. నేడు మొదలిడిన సంఘమునకు రేపు కంపెనీ గ్రాంటు రాదన్నమాట. ఇది కష్టముగా తోచవచ్చును. కాని ఆ మూడు సంవత్సరములు చందాలతోనే చిన్న పని చేసి, ప్రతి పైసాకు రశీదు ఉంచిన సంఘము నాలుగవ సంవత్సరమున పట్టణపు సంఘముతో సమానముగా నిలువగలదు.

విదేశముల నుండి వచ్చు ధనము

ఈ విషయమును జాగ్రత్తగా చదువుడు. డెల్టా గ్రామములలో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో బంధువులు లేని కుటుంబములు నానాటికి తగ్గుచున్నవి. ఊరి బడికి, ఆస్పత్రికి వారు చేసిన సహాయము చాల ఉన్నది. 1977లో అమెరికా తెలుగువారు ఏర్పరచుకొన్న తానా వంటి సంఘములు ఇట్టి సహాయమునకు మార్గములైనవి. అయితే మంచి ఉద్దేశముతో పంపిన డబ్బు ఊరి సంఘమును చట్టపు చిక్కులలో పడవేయవచ్చును.

దేశములోని సంఘములు విదేశీ విరాళములు తీసికొనుటకు 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము అడ్డుకట్టగా ఉన్నది. పంపినవాడు మన ఊరి బిడ్డయే అయినను, అమెరికా పౌరసత్వము తీసికొనియున్నచో ఆయన పంపు డబ్బు విదేశీ విరాళమే యగును. ఓవర్సీస్ సిటిజన్ కార్డు చేతిలో ఉన్నను లెక్క మారదు. ఈ చట్టము క్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘము ఆ డబ్బు ముట్టరాదు. ఆయన ఇంకను భారతీయ పాస్‌పోర్టు కలిగియున్నచో, తన సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళముగా పరిగణింపబడదు. ఒకే ఇంటి అన్నదమ్ములలో పెద్దవాని డబ్బు తీసికొనవచ్చును, చిన్నవాని డబ్బు తీసికొనరాదు అను పరిస్థితి రావచ్చును. కావున దాత పౌరసత్వమును మొహమాటము లేక అడిగి, పాస్‌పోర్టు నకలు తీసికొని రశీదు పుస్తకముతో భద్రపరచుడు.

ఈ నమోదు చిన్న సంఘములకు సులభము కాదు. సంఘమునకు కనీసము మూడేండ్ల వయస్సు ఉండవలెను, ఆ మూడేండ్లలో 15 లక్షల రూపాయలు పనులపై ఖర్చుచేసి ఉండవలెనను నియమము పెట్టిరి. పూర్వము పెద్ద సంస్థలు విదేశీ ధనము తెచ్చి గ్రామములందలి చిన్న సంఘములకు పంచెడివి. 2020లో చట్టమును సవరించి అట్లు పంచుటను నిషేధించిరి. ఇప్పుడు ఆ పెద్ద సంస్థ తానే వచ్చి మీ ఊరిలో పని చేయవచ్చును గాని, డబ్బు మీ ఖాతాకు మార్చరాదు. విదేశ పౌరుడైన దాతకు మీరు ఇవ్వదగిన సలహా ఇదే: నమోదు గల సంస్థకు పంపి, ఆ సంస్థచేతనే ఊరిలో పని చేయించుమనుడు. బంధువుల ఖాతాలకు పంపి వారిచేత సంఘమునకు ఇప్పించు అడ్డదారి కొందరు చెప్పుదురు. దాని జోలికి పోవలదు.

స్థలము విషయము

డెల్టాలో అనేక గ్రంథాలయములు, యువజన సంఘముల గదులు కాలువ గట్టుమీద కట్టినవే. కాలువ గట్టు నీటిపారుదల శాఖది. అక్కడి కట్టడమునకు గ్రాంటు ఇచ్చుటకు దాతలు వెనుకాడెదరు. గ్రామకంఠములోని స్థలమైనచో పంచాయతీ తీర్మానము, సంబంధిత అధికారుల అనుమతి ముందుగా పొందవలెను.

రైతు ఎవరైనా రెండు సెంట్లు దానమిచ్చుట కలదు. నలుగురిలో మాట ఇచ్చినాడు, చాలునని కట్టడము మొదలుపెట్టుట మన గ్రామములలో పరిపాటి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, స్థిరాస్తి దానము రిజిస్టరు దస్తావేజు ద్వారానే చెల్లును. దాత బ్రతికియున్నంతకాలము చిక్కు లేదు. ఆయన వెనుక కుమారులు స్థలమడిగినచో, గ్రాంటుతో కట్టిన గది ఎవరిదగును? సెంటు భూమి లక్షలు పలుకు ఈ రోజులలో ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. పునాది తీయక ముందే దానపత్రము రిజిస్టరు చేయించుడు.

అర్జీ వ్రాయుట – మంచినీటి కేంద్రము ఉదాహరణ

నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వంటి సముద్రతీర మండలములలో భూగర్భ జలము ఉప్పన. మంచినీటి శుద్ధి యంత్రము కావలెనని అక్కడి సంఘములు కోరుట సహజము. దాతలు కూడ దీనికి ఉత్సాహముగా ఇచ్చెదరు. రిబ్బను కత్తిరించుటకు అనువైన పని గదా! కాని యంత్రము పెట్టిన రెండు మూడు సంవత్సరములకు తాళము పడిన కేంద్రములు మీరును చూచియుందురు. యంత్రమునకు గ్రాంటు వచ్చినది, దానిని నడుపుటకు రాలేదు. తప్పు అక్కడనే జరిగినది.

ఒక లెక్క వేసి చూతము. ఇవి ఉదాహరణకై తీసికొన్న అంకెలు, మీ ఊరి అంకెలు మీరు వేసికొనుడు. 250 కుటుంబములు రోజుకు ఒక్కొక్క 20 లీటర్ల క్యాను చొప్పున తీసికొనుచున్నవి, క్యాను ధర 4 రూపాయలు అనుకొందము. నెలకు రాబడి 30,000 రూపాయలు. నడుపు మనిషికి 10,000, కరెంటుకు 7,000, మందులకు, ఫిల్టర్లకు 4,000, చిల్లర మరమ్మతులకు 2,000 పోగా 7,000 మిగులును. ఈ 7,000 లాభము కాదు. నీటిని వడగట్టు పొరలు కొంతకాలమునకు పాడైపోవును, మోటారు కాలిపోవును. నెలనెలా ఆ డబ్బును వేరు పాసు పుస్తకములో వేసినచో ముప్పది నెలలకు 2,10,000 రూపాయలు చేరును. కొత్త పొరలకు మరల దాత కాళ్ళు పట్టుకొననక్కరలేదు.

ఇదే కేంద్రమునకు 150 కుటుంబములే వచ్చినచో రాబడి 18,000, ఖర్చు సుమారు 23,000. నెలకు 5,000 నష్టము. యంత్రము ఎంత మంచిదైనను ఆ కేంద్రము మూతపడక తప్పదు. కావున అర్జీకి ముందు ఇంటింటికి తిరిగి, ఎందరు నీరు కొనెదరో, ప్రస్తుతము ఎక్కడ ఎంతకు కొనుచున్నారో పేర్లతో వ్రాసికొనుడు. దాత చదువు మొదటి కాగితము అదియే.

నీరు ఎక్కడనుండి వచ్చునో గూడ వ్రాయవలెను. 250 క్యానులకు రోజుకు 5,000 లీటర్ల శుద్ధజలము కావలెను. యంత్రము తీసికొన్న నీటిలో సుమారు సగము శుద్ధజలముగా వచ్చి, తక్కిన సగము ఉప్పు చిక్కబడి బయటికి పోవుననుకొన్నచో, రోజుకు 10,000 లీటర్లు తోడవలెను. వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత అంత నీరు చెరువులో ఉండునా? చిక్కబడిన ఉప్పునీటిని పంటబోదెలోనికి వదలినచో క్రింది రైతు నారుమడి ఏమగును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వ్రాసిన అర్జీని చూచినప్పుడు, ఇది తెలిసినవారు వ్రాసినదని దాతకు నమ్మకము కలుగును. గ్రామసేవను గురించిన పెద్ద పెద్ద మాటలకు అంత బలము లేదు. అర్జీ నాలుగు పుటలు మించనక్కరలేదు.

ఊరివారి వంతును గూడ చూపుడు. 1997లో మొదలైన జన్మభూమి కార్యక్రమములో గ్రామస్థులు డబ్బుగానో, సామగ్రిగానో, శ్రమగానో తమ వాటా ఇచ్చు పద్ధతి మీలో పెద్దలకు జ్ఞాపకముండును. నేటి దాతలు కూడ అట్టి వాటాను చూచి సంతోషించెదరు. గది ఊరివారు కట్టి యంత్రము దాత ఇచ్చుట మంచి పద్ధతి.

దళారుల మాట

నూటికి పది ఇచ్చినచో గ్రాంటు తెప్పించెదమని తిరుగువారు కొందరు ఉన్నారు. నమోదు రుసుముగా ముందు కొంత కట్టుమందురు. గ్రాంటు ఇచ్చు సంస్థ ఏదియు అర్జీదారునివద్ద కమీషను తీసికొనదు. లెక్కలు వ్రాయుటకు ఆడిటరుకు న్యాయమైన ఫీజు ఇచ్చుట వేరు, దళారికి వాటా ఇచ్చుట వేరు. వాటా ఇచ్చినచో ఆ పదివంతులను లెక్కలో ఎక్కడ చూపెదరు? దొంగ బిల్లు పెట్టవలసి వచ్చును, దానిపై సంతకము మీదే యగును.

మంజూరైన తరువాత

గ్రాంటు సాధారణముగా విడతలుగా వచ్చును. మొదటి విడత ఖర్చుల లెక్క, వినియోగ పత్రము పంపినగాని రెండవది రాదు. ప్రతి గ్రాంటుకు వేరు పద్దు పెట్టుడు. కొన్న వస్తువుల జాబితా పుస్తకము ఒకటి, సమావేశముల తీర్మానముల పుస్తకము ఒకటి ఉంచుడు. కూలీలకు ఇచ్చిన చిన్న మొత్తములకు గూడ సంతకమో, వేలిముద్రయో తీసికొనుడు. లెక్కను సంవత్సరమునకు ఒకసారి ఊరి మధ్య నోటీసు బోర్డుపై అంటించినచో అనవసరపు అనుమానములు చాలవరకు తొలగును.

ఆపద సమయములలో ఈ క్రమము తప్పును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసినప్పుడు సుమారు పదివేలమంది మరణించిరి. దేశమంతటినుండి సహాయము వచ్చినది. ఆర్థిక సమతా మండలి వంటి సంస్థలు ఆ గ్రామములలో నిలిచి పనిచేసినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినప్పుడు గూడ సహాయము తరలివచ్చినది. అట్టి రోజులలో రశీదు వ్రాయు తీరిక ఉండదనుట నిజమే. అయినను ఒక యువకుని ప్రత్యేకముగా ఆ పనికే కూర్చుండబెట్టి, వచ్చిన బియ్యము బస్తాలు ఎన్ని, దుప్పట్లు ఎన్ని, ఎవరికి ఇచ్చితిరి అని నోటుపుస్తకములో వ్రాయించుడు. తుపానులు మన తీరమునకు కొత్త కావు. ఆ నోటుపుస్తకము గల సంఘమునకే మరుసటిసారి సహాయము ముందు అందును.

కంపెనీల ఆర్థిక సంవత్సరము ఏప్రిల్‌తో మొదలగును. ఏ పనులకు ఎంత ఇవ్వవలెనో చాలవరకు అంతకు ముందే ఆలోచింతురు. కావున సార్వా కోతలు ముగిసి కొంత తీరిక చిక్కు జనవరి, ఫిబ్రవరి నెలలలో ఇంటింటి లెక్క పూర్తిచేసి అర్జీ అందజేయుట అనుకూలము. ఆడిట్ అయిన మూడు సంవత్సరముల లెక్కలు, నమోదు పత్రముల నకళ్ళు, స్థలపు దస్తావేజు నకలు, కార్యవర్గ తీర్మానము జతపరచుడు. సంఘము చేపట్టదలచిన పని వ్యవసాయమునకు సంబంధించినదైనచో, అంచనా వేయుటలో ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రముల శాస్త్రజ్ఞులను సంప్రదింపవచ్చును.